ఏ ఫొటో చూసినా అదే చోటు

డెబ్బయ్యో దశకం మొదట్లో నాకు గోపన్‌పల్లి ప్రాథమిక పాఠశాలలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆర్డరు చేతికందిన రోజు నాన్న ఆ కాగితం తీసుకుని ఊరి పేరు పైకి చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"ఈ ఊరు నాకు తెలుసమ్మాయ్. ఎప్పుడూ వెళ్లలేదు గానీ తెలుసు. మన బాయిలో పోయినతని భార్య అక్కడే ఉంటోంది," అన్నారు.

నాన్నది కృష్ణా జిల్లా. ఉద్యోగమంతా గోదావరికి దగ్గర్లో ఒక బొగ్గుగనిలో సర్వేయరుగా చేశారు కాబట్టి, అక్కడి కార్మికుల్లాగే ఆయన కూడా గనిని బాయి అనేవారు. భూమి కింద ఏ గ్యాలరీ, అంటే బొగ్గులో తవ్విన సొరంగం, ఎటు వెళ్తోంది, ఎంత దూరం వెళ్లింది అన్నది కొలిచి పటం గీయడం ఆయన పని. అరవైల చివర్లో ఒక ఉదయం ఆ గనిలో ఒకచోట పైకప్పు కూలింది. పాత తవ్వకాల్లో నిలిచిపోయిన నీళ్లు లోపలికి వచ్చిపడ్డాయి. ఆ షిఫ్టులో అందరూ పైకి వచ్చారు, ఒక్క మనిషి తప్ప. చాలా రోజులు వెతికారు. నీళ్లు పెరుగుతూనే ఉండడంతో చివరికి ఆ భాగానికి అడ్డంగా సిమెంటు గోడ కట్టేశారు. కొన్నాళ్లకు గని మొత్తం మూతపడింది. నాన్నకు రిటైర్మెంటు కూడా అప్పుడే వచ్చింది. అమ్మ అంతకు ముందే పోయింది. ఇక మేమిద్దరమే.

పైకి రాని ఆ మనిషి భార్య, గనివాళ్లిచ్చిన పరిహారంతో గోపన్‌పల్లిలో తన అన్నదమ్ముల ఇంటి పక్కనే నాలుగు గదులు వేయించుకుంది. రెండు గేదెలను పెట్టుకుని పాలు అమ్ముకునేది. పిల్లల్లేరు. వయసు నలభై దాటి ఉండదు. నేను అక్కా అనేదాన్ని. మేం సామాన్లతో వెళ్లి గుమ్మం ముందు నిలబడినప్పుడు ఆమె నాన్నను చూసి తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"సారూ, మీరు మా ఇంటికి వచ్చిన్రా?" అంది. తర్వాత చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. రెండు గదులు మాకు కిరాయికి ఇచ్చింది.

అప్పటి గోపన్‌పల్లి అంటే రాళ్లు, సీతాఫలం పొదలు, జొన్న చేలు. లింగంపల్లి స్టేషన్ నుంచి నడిచి రావాలి. ఊరికి దూరంగా గుట్టల దగ్గర రాళ్లు పగలగొట్టేవాళ్లు మధ్యాహ్నం పూట మందు పేల్చేవారు. ఆ చప్పుడు వినగానే నాన్న చదువుతున్న పేపరు వదిలేసి తలెత్తి ఇంటి పైకప్పు చూసేవారు. ఆ పక్క వాకిట్లో పిడకలు చేస్తున్న అక్క కూడా చెయ్యి ఆపేసేది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవారు కాదు. కాసేపటికి ఎవరి పనిలో వాళ్లు పడేవారు. ఆ గని గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు.

మేం వచ్చిన మూడో ఏడు అనుకుంటాను, ఎండాకాలం సెలవుల్లో మా ఇంటి ముందు ఒక జీపు ఆగింది. అందులోంచి దిగిన యువకుడు నాన్న పాత ఆఫీసులో కొత్తగా చేరిన సర్వేయరు. చేతిలో అట్టపెట్టె. నాన్నకు నమస్కారం పెట్టి అరుగు మీద కూర్చుని విషయం చెప్పాడు.

మూతపడిన గని పక్కనే కొత్త గని తవ్వుతున్నారు. అది పాత గ్యాలరీల వైపు వస్తోంది. పాత గ్యాలరీల నిండా నీళ్లు. ఏ గ్యాలరీ ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో సరిగ్గా తెలిస్తే మధ్యలో బొగ్గును అడ్డుగోడలా వదిలెయ్యొచ్చు. కానీ పాత పటాల్లో కొన్ని చెదలు తినేశాయి, మిగిలినవి ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఆ గనిలో పనిచేసిన ఒక ఇంజినీరుకు ఫొటోల పిచ్చి ఉండేదట. అనుమతి తీసుకుని ఏళ్ల తరబడి లోపల ఫొటోలు తీశాడు. ఆయన చనిపోయాక ఇంట్లోవాళ్లు ఆ పెట్టెను ఆఫీసుకు ఇచ్చేశారు. ఒక్క ఫొటో వెనక కూడా అది ఎక్కడిదో రాసి లేదు.

"ఇవి చూసి ఏది ఎక్కడిదో చెప్పగలిగినవాళ్లు మీరొక్కరే సార్," అన్నాడు ఆ యువకుడు. "కొంచెం టైం తీసుకోండి. నేను మళ్లీ వచ్చి తీసుకెళ్తాను."

నాన్న పెట్టె మూత తీసి మొదటి ఫొటో చేతిలోకి తీసుకున్నారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను అమ్మ పోయాక చూడలేదు.

మర్నాటి నుంచి మా అరుగు మీద నులక మంచం ఒక ఆఫీసైంది. నాన్న పొద్దున్నే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవారు. నేను పక్కన పెన్సిలు పట్టుకుని కూర్చునేదాన్ని, ఆయన చెప్పినది ఫొటో వెనక రాయడానికి. నా కంటికి అన్నీ ఒకటే. నల్లటి గోడలు, మధ్యలో నల్లటి దారి, పైకప్పుకు ఊతంగా నిలబెట్టిన దుంగలు.

"ఒకటే ఎలా అవుతాయమ్మాయ్? ఊళ్లో వీధులన్నీ ఒకటేనా?" అనేవారు. "ఇదిగో, బొగ్గు మధ్యలో ఈ తెల్లటి చార చూడు. రాతి పొర. కిందకి దిగే కొద్దీ ఇది సన్నబడుతుంది. ఇక్కడ బెత్తెడు ఉంది కాబట్టి ఇది పై భాగం. నీళ్లు కుడి పక్కన నిలిచాయి చూశావా? అంటే వాలు అటు. ఇక ఇక్కడ పట్టాలు వంపు తిరిగాయి. అలా తిరిగేది మూడో అడ్డదారిలోనే."

ఇంకో ఫొటోలో పైకప్పు రాతి మీద ఒక పొడవాటి ఆకు ముద్ర ఉంది. బొగ్గయిపోయిన అడవిలోని ఆకు. భూతద్దం పెట్టి నాకు దాని ఈనెలు చూపించారు. "మీ అమ్మకు దీని గురించి చెప్తే నమ్మలేదు. భూమి లోపల ఆకేమిటండీ అంది. ఇది మూడో అడ్డదారి, యంత్రం గది పక్కన. రాసుకో," అన్నారు. రాశాను.

ఆ రోజుల్లో నాన్న కడుపునిండా అన్నం తిన్నారు. అక్క పాలు పోయడానికి వచ్చి అరుగు చివర నిలబడి, మంచం మీద పరిచిన ఫొటోల వైపు చూసీ చూడనట్టు చూసి వెళ్లిపోయేది.

తర్వాత ఎక్కడ తేడా వచ్చిందో నాకు గుర్తులేదు. ఒక ఫొటోను నాన్న కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఇది అదే చోటు. పైకప్పు కూలిన చోటు. కూలకముందు తీశాడు," అన్నారు. నేను అదే రాశాను. మర్నాడు ఇంకో ఫొటో చూసి మళ్లీ అదే మాట అన్నారు. ఒకే చోటును రెండుసార్లు తీసి ఉంటాడనుకున్నాను. కానీ మొదటిదాంట్లో తెల్లటి చార బెత్తెడు మందాన ఉంది, రెండోదాంట్లో దారంలా సన్నగా ఉంది. నాన్న నేర్పిన లెక్క ప్రకారమే ఆ రెండూ ఒకచోటివి కావడానికి వీల్లేదు.

"నాన్నా, ఇందులో చార సన్నగా ఉంది కదా?" అన్నాను.

"బాయిలో దిగింది నువ్వా నేనా?" అని కసిరారు. ఆయన నన్ను కసరడం అదే మొదటిసారి.

అసలు ఆ ఏడాదంతా ఆయన చిన్న చిన్నవి మర్చిపోతూనే ఉన్నారు. తిన్న గంటకే అన్నం పెట్టమనేవారు. ఒకసారి లింగంపల్లిలో పేపరు కొనడానికి వెళ్లి, ఇంటికి దారి తెలియక స్టేషన్‌లోనే కూర్చుండిపోతే ఊరివాళ్లెవరో తీసుకొచ్చారు. వయసు మీద పడుతోంది కదా అని సర్దుకున్నాను. దానికి పేరుందని, అది తగ్గేది కాదని అప్పట్లో మాకెవరికీ తెలియదు.

ఒక సాయంత్రం అక్క పాలు పోసి వెళ్లకుండా అరుగు అంచున కూర్చుంది. కొంగు వేలికి చుట్టుకుంటూ, ఎటో చూస్తూ అడిగింది.

"సారూ, మా ఇంటాయన ఉన్న జాగ గీ ఫొటోలల్ల ఉన్నదా?"

నాన్న ఏమీ తడుముకోలేదు. ఒక ఫొటో తీసి ఆమె చేతికిచ్చారు. "ఇదేనమ్మా. ఈ దుంగల అవతల."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఫొటో అందుకుంది. అంతసేపు ఒక ఫొటోను చూసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. "గింత ఇరుకుగ ఉంటదా?" అని మాత్రం అంది. వెనక్కిచ్చి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట ఆమె గదిలో పొయ్యి వెలగలేదు.

నాకు ఆ ఫొటో పైకప్పు మీద ఏదో కనిపించినట్టయి, ఆమె వెళ్లాక భూతద్దం పెట్టి చూశాను. ఆకు ముద్ర. తిప్పి చూస్తే వెనక నా దస్తూరీయే ఉంది. మూడో అడ్డదారి, యంత్రం గది పక్కన.

మర్నాడు ఆమె పాలు తెచ్చినప్పుడు నాన్నే పిలిచారు. "ఇలా రామ్మా, మీ ఆయన ఉన్న చోటు దొరికింది, చూపిస్తాను," అంటూ ఇంకో ఫొటో చేతిలో పెట్టారు. ముందురోజు చూపించిన సంగతే ఆయనకు గుర్తులేదు. అక్క ఆ ఫొటోనూ చూసింది. "మంచిది సారూ," అంది. పాలు కొలిచి పోసి, గిన్నె లోపల పెట్టే నెపంతో నా వెనకాలే వంటింట్లోకి వచ్చింది.

"సారుకు యాది తప్పుతున్నది బిడ్డా," అంది మెల్లగా.

నాకు ఏడుపొచ్చింది. "అక్కా, నిన్న చూపించింది కూడా..."

"తెలుసు. రెండు ఒక్కతీరుగ లేవు. నా కండ్లకు గూడ కనవడ్డది." గిన్నె మీద మూత పెట్టింది. "ఆ జీపుల వచ్చిన సారుకు నువ్వు చెప్పాలె."

"ఎలా చెప్పను? నాన్న ఈ నెల రోజులూ ఎలా ఉన్నారో చూశావు కదా. ఇది కూడా లేదంటే ఆయన ఏమైపోతారు?"

అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతికి పేడ వాసన, పాల వాసన కలిసి ఉండేవి. "సారు పరేషాన్ అయితడు, నిజమే. గాని ఆడ దినాం మనుషులు దిగుతున్నరు. వాళ్లకు పెండ్లాలు లేరా? తప్పుడు లెక్క వట్టుకోని తవ్వితె నీళ్లు ఊకుంటయా? నేను చూసిన గా నీళ్లు. ఇంకొక ఆడిది చూడొద్దు."

తన భర్త ఉన్న చోటు దొరకలేదన్న మాట ఆమె అనలేదు.

యువకుడు మళ్లీ వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. నాన్న ఆ ఉదయం రెండుసార్లు గడ్డం గీసుకున్నారు. పెట్టె అందిస్తూ, "అన్నీ అయ్యాయండీ. ఇక మీరు నిశ్చింతగా తవ్వుకోవచ్చు," అన్నారు.

నేను టీ గ్లాసు అతని ముందు పెట్టి నిలబడిపోయాను. జీపు దాకా వెళ్లి చాటుగా చెబుదామని అనుకున్నాను గానీ, నాన్న వెనకాల మాట్లాడడం ఇంకా అన్యాయం అనిపించింది.

"సార్, మొదటి రోజుల్లో నాన్న చెప్పినవి నమ్మండి. తర్వాతవి నమ్మొద్దు," అన్నాను.

నాన్న నవ్వారు. "మా అమ్మాయికి బాయి గురించి ఏం తెలుసండీ? టీచరు కదా, తప్పులు పట్టడం అలవాటు."

యువకుడు నా ముఖం చూశాడు. తర్వాత ఎంతో మర్యాదగా పెట్టెలోంచి ఒక ఫొటో తీశాడు. "సార్, ఇది ఎక్కడిది?"

"కూలిన చోటు."

ఇంకోటి తీశాడు. "ఇది సార్?"

"అదేనండీ. కూలిన చోటే."

మూడోది చూపించాడు. నాన్న ఆ ఫొటో, దాని ముందుది, దాని ముందుది, మూడింటినీ వరసగా మంచం మీద పెట్టుకుని చూశారు. ఒకదాంట్లో పట్టాలున్నాయి, ఒకదాంట్లో లేవు. చూరు నుంచి వాన నీళ్లు ధారగా పడుతున్నాయి. యువకుడు తల దించుకున్నాడు.

"అన్నీ అక్కడివే అనిపిస్తున్నాయండీ," అన్నారు నాన్న. ఆ గొంతు నాకు తెలిసిన నాన్నది కాదు. "ఎటు చూసినా అక్కడే ఉన్నట్టుంది. గోడ ఎక్కడ కట్టాలో కొలత ఇచ్చింది నేనేనండీ. టేపు పట్టుకుని నిలబడి, అవతల మనిషి ఉన్నాడని తెలిసే కొలిచాను. అందరూ పోయాడనే అన్నారు. నిజంగానే పోయాడు, ఆ నీళ్లలో ఎవరుంటారు? కానీ నేను కొలిచాను."

అక్క తన గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

యువకుడు ఫొటోలు సర్దుకుంటూ ఒకటి తక్కువైందన్నాడు. నేను మంచం కింద వెతుకుతుంటే నాన్న తన దిండు కిందనుంచి దాన్ని తీశారు. ఆ ఫొటోను ఆయన ఒక్కరోజు కూడా మంచం మీద పరచలేదు, నాకు చూపించలేదు. సిమెంటు గోడ. తడి ఆరని గోడ మీద తాపీ గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఒక పక్కన ఎవరిదో భుజం, చేతిలో కొలత టేపు.

నాన్న లేచి వెళ్లి దాన్ని అక్కకు ఇచ్చారు. "ఇది మాత్రం నాకు తెలుసమ్మా. ఇందులో పొరపాటు లేదు. దీని వెనకాలే ఉన్నాడు."

అక్క ఫొటోలోని గోడను వేలితో మెల్లగా తడిమింది, సిమెంటు రాలుతుందేమో అన్నట్టు. "గీ చెయ్యి మీదేనా సారూ?"

"నాదేనమ్మా."

"అయితె మీరున్నరు ఆయన దగ్గర," అంది. అప్పుడు ఏడ్చింది. గని నుంచి ఊరికి వచ్చిన ఇన్నేళ్లలో ఆమె ఏడవగా చూడలేదని ఆమె వదిన తర్వాత నాతో చెప్పింది. ఆ ఫొటో ఉంచుకోవచ్చా అని ఆమె అడగలేదు. యువకుడే, ఆ గోడ ఎక్కడుందో ఆఫీసులో అందరికీ తెలుసమ్మా, మీ దగ్గరే ఉంచుకోండి అన్నాడు.

కొన్ని నెలల తర్వాత అతను రాసిన కార్డు వచ్చింది. నాన్న మొదట్లో చెప్పిన గుర్తులు పటంతో సరిపోయాయట. మిగతావైపు ఏమీ తేలక, అనుకున్నదానికంటే చాలా ముందే తవ్వకం ఆపేసి బొగ్గు వదిలేశారట. అంత ముందు ఆపడం అవసరమైందో లేదో ఎవరికీ తెలియదు. కార్డు అక్కకు చదివి వినిపిస్తే, "ఆపిండ్రు గద, సాలు," అంది.

నాన్న ఆ తర్వాత ఇస్త్రీ చొక్కా అడగలేదు. భూతద్దం నేనే తీసి దాచాను. నా మీద కోపం ఉందేమోనని చాలా రోజులు భయపడ్డాను గానీ, ఆయన ఆ రోజునే మర్చిపోయారు. తర్వాత ఊరి పేరు మర్చిపోయారు. నన్ను అమ్మ పేరుతో పిలిచేవారు. మధ్యాహ్నం గుట్టల దగ్గర మందు పేలితే ఇదివరకటిలా పైకప్పు చూసి ఊరుకోకుండా, మంచం దిగి, "బయటికి నడవండి, బయటికి," అని అరిచేవారు. అక్క పిడకల చేతులతోనే పరుగెత్తుకొచ్చి ఆయన్ని పట్టుకుని వాకిట్లోకి నడిపించేది. "అందరొచ్చిండ్రు సారూ, ఫికర్ చెయ్యకుండ్రి," అనేది. ఆకాశం కనిపించాక ఆయన కుదుటపడేవారు. నేను బడిలో ఉండే వేళ ఆయన్ని చూసుకున్నది ఆమే. ఒక్కనాడూ విసుక్కోలేదు.

చివరి రెండేళ్లూ ఆయన ఉదయం అరుగు మీద కూర్చుని, పాలు తెచ్చే అక్కను ఒకే ప్రశ్న అడిగేవారు.

"ఏమ్మా, మీ ఆయన డ్యూటీ నుంచి వచ్చాడా?"

మొదటిసారి అడిగినప్పుడు నేను లోపలి నుంచి విన్నాను. అక్క పాల చెంబు కింద పెట్టి, జవాబు చెప్పకుండా వెళ్లిపోయింది. రెండోరోజూ అంతే. ఆ తర్వాత ఎప్పుడో ఒక ఉదయం, "ఇంకా రాలె సారూ," అనడం విన్నాను.

"వస్తాడులే. కొత్త చోట పని కదా, ఆలస్యమవుతుంది," అన్నారు నాన్న.

ఇక రోజూ అదే మాట, అదే జవాబు. అప్పుడప్పుడూ ఆమె ఇంకొక మాట కలిపేది. ఆయనకు చింతచిగురు పప్పంటే పాణమని, చెప్పులు వేసుకుంటే కాళ్లు బొబ్బలెక్కుతయని. నాన్న శ్రద్ధగా వినేవారు. "మంచి పనిమంతుడమ్మా," అనేవారు. ఆమె అతని గురించి మాట్లాడడం నేను విన్నది ఆ అరుగు మీదే.

డెబ్బయ్యో దశకం ముగియక ముందే ఒక చలికాలం నాన్న పోయారు. జ్వరం వచ్చి నాలుగు రోజులు కూడా ఉండలేదు. దవాఖానకు తీసుకెళ్దామని బండి మాట్లాడేలోపే అంతా అయిపోయింది. పెద్దకర్మ అయ్యాక నాకు బాచుపల్లి బడికి బదిలీ వచ్చింది. సామాను కట్టుకుంటుంటే అక్క సాయం చేసింది. మంచం నులక బిగించి, గిన్నెలు గోనెసంచిలో సర్ది, వాకిలి ఊడ్చింది. ఎడ్లబండి వచ్చాక నేను ఆమె చేతులు పట్టుకున్నాను. జాగ్రత్తగా ఉండక్కా అన్నాను.

ఆమె ఖాళీగా ఉన్న అరుగు వైపు చూసింది.

"సారు ఉన్నన్ని దినాలు పొద్దుగాల మా ఇంటాయన వచ్చిండా అని అడుగుతుండె. ఇగ అడిగెటోళ్లు ఎవరున్నరు బిడ్డా?" అంది.